విచారణ నుండి వైదొలగుట (క్రిమినల్ న్యాయ ప్రక్రియ)

క్రిమినల్ కేసును విచారించే న్యాయాధికారి గాని, దర్యాప్తు జరిపే పోలీసు అధికారి గాని, ప్రభుత్వం తరపున వాదించే ప్రాసిక్యూటరు గాని ఆ కేసులో నిష్పక్షపాతంగా వ్యవహరించలేరని సందేహించడానికి తగిన కారణం ఉన్నప్పుడు, వారు ఆ కేసు నుండి తప్పుకొనడాన్ని లేదా తప్పించబడటాన్ని విచారణ నుండి వైదొలగుట అంటారు. ఆంగ్లంలో దీనిని రెక్యూజల్ అని వ్యవహరిస్తారు. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది, సదరు అధికారి తనంత తానుగా తప్పుకొనుట. రెండవది, ముద్దాయి లేదా ఇతర కక్షిదారు అభ్యంతరం తెలుపగా, దానిపై నిర్ణయం వెలువడుట.

అభ్యంతరం వచ్చినప్పుడు దానిని ఎవరు తేల్చాలి అన్నది ఈ అంశంలో ప్రధానమైన ప్రశ్న. భారతదేశంలో దీనికి ఒకే సమాధానం లేదు. మేజిస్ట్రేటుపై వచ్చిన అభ్యంతరాన్ని పై కోర్టు తేలుస్తుంది. సైనిక న్యాయస్థానంలో మిగిలిన సభ్యులు తేలుస్తారు. హైకోర్టు, సుప్రీం కోర్టు న్యాయమూర్తుల విషయంలో మాత్రం, ఎవరిపై అభ్యంతరం వచ్చినదో ఆ న్యాయమూర్తియే సాధారణంగా దానిపై నిర్ణయం తీసుకొంటారు.

మూల సూత్రం

తన వివాదానికి తానే తీర్పరి కారాదు అన్నది సహజ న్యాయసూత్రాలలో మొదటిది. లాటిన్ భాషలో దీనిని నేమో జుడెక్స్ ఇన్ కాసా సువా అంటారు. పక్షపాతాన్ని న్యాయశాస్త్రంలో ముఖ్యంగా మూడు రకాలుగా విభజిస్తారు.

ఆర్థిక సంబంధమైనది: కేసు ఫలితం వలన న్యాయాధికారికి ధనలాభం గాని నష్టం గాని కలిగే పరిస్థితి. ఇది ఎంత స్వల్పమైనదైనా అనర్హతగానే పరిగణిస్తారు.

వ్యక్తిగతమైనది: కక్షిదారుతో బంధుత్వం, స్నేహం, శత్రుత్వం లేదా పూర్వపు వృత్తి సంబంధం ఉండుట.

విషయ సంబంధమైనది: వివాదాంశంపై ముందుగానే ఒక నిర్ణయానికి వచ్చి ఉండుట, లేదా అదే వ్యవహారంలో మరొక హోదాలో పాల్గొని ఉండుట.

ఆర్థిక సంబంధం లేని సందర్భాలలో, పక్షపాతం నిజంగా ఉన్నదని నిరూపించవలసిన అవసరం లేదు. పక్షపాతం ఉండవచ్చునని సామాన్య వివేకం గల వ్యక్తికి సహేతుకమైన భయం కలిగితే చాలును. న్యాయం జరగడమే గాక, జరిగినట్లు కనబడాలి అన్న ప్రసిద్ధ సూత్రం ఒక చిన్న క్రిమినల్ కేసు నుండి పుట్టినది. 1923లో ఇంగ్లండులోని ససెక్స్‌లో మోటారు వాహనాన్ని ప్రమాదకరంగా నడిపినందుకు మెకార్తీ అనే వ్యక్తికి మేజిస్ట్రేట్లు శిక్ష విధించారు. ఆ కోర్టులో గుమాస్తాగా కూర్చున్న వ్యక్తి, అదే ప్రమాదంపై మెకార్తీకి వ్యతిరేకంగా నష్టపరిహార వ్యవహారం నడుపుతున్న న్యాయవాదుల సంస్థలో భాగస్వామి. మేజిస్ట్రేట్లు ఆలోచించుకొనడానికి లోపలికి వెళ్ళినప్పుడు అతడు కూడా వెళ్ళాడు. వారు అతనిని ఏమీ అడుగలేదు, అతడు ఏమీ చెప్పలేదు. అయినప్పటికీ లార్డ్ హెవార్ట్ ఆ శిక్షను రద్దు చేశారు. ఈ సూత్రం న్యాయాధికారికే గాక, ఆయన పక్కన ఉండే ఉద్యోగికి కూడా వర్తిస్తుందని ఈ తీర్పు వలన తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌కు చెందిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు క్రిమినల్ వ్యవహారం కాకపోయినా ఈ విషయంలో తరచుగా ఉదహరించబడుతుంది. బస్సు మార్గాల జాతీయకరణపై ప్రైవేటు యజమానుల అభ్యంతరాలను రవాణా శాఖ కార్యదర్శి విన్నారు, ముఖ్యమంత్రి నిర్ణయించారు. ఆ పథకాన్ని అమలు చేయదలచిన శాఖకు అధిపతియే అభ్యంతరాలను వినడం, ఒకరు విని మరొకరు నిర్ణయించడం సహజ న్యాయానికి విరుద్ధమని సుప్రీం కోర్టు 1958లో తీర్పు చెప్పినది.

చట్టంలోని స్పష్టమైన నిషేధాలు

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023 జూలై 1, 2024 నుండి అమలులోకి వచ్చినది. ఆ తేదీ నాటికే పెండింగులో ఉన్న కేసులకు పాత కోడ్ వర్తిస్తుంది. ఈ అంశానికి సంబంధించినంతవరకు రెండు చట్టాల నిబంధనలు చాలావరకు ఒక్కటే, సెక్షన్ల సంఖ్యలు మారాయి.

సంహితలోని 525వ సెక్షను (పాత 479) ప్రకారం, తాను కక్షిదారుగా ఉన్న లేదా తనకు స్వంత ప్రయోజనం ఉన్న కేసును ఏ న్యాయాధికారీ, మేజిస్ట్రేటూ విచారించరాదు. అప్పీలు ఏ కోర్టుకు వెళ్తుందో ఆ కోర్టు అనుమతి ఉంటేనే విచారించవచ్చును. తాను ఇచ్చిన తీర్పుపై వచ్చిన అప్పీలును తానే వినరాదు. అయితే ప్రభుత్వ హోదాలో ఆ వ్యవహారంతో సంబంధం ఉన్నంత మాత్రాన, లేదా నేరస్థలాన్ని చూచి వచ్చినంత మాత్రాన అది స్వంత ప్రయోజనం కాదని అదే సెక్షనులోని వివరణ చెబుతుంది.

211వ సెక్షను (పాత 191) ముద్దాయికి ఒక ప్రత్యేకమైన హక్కును కల్పిస్తుంది. పోలీసు నివేదిక గాని, ఫిర్యాదు గాని లేకుండా, తనకు తెలిసిన సమాచారం ఆధారంగా మేజిస్ట్రేటు స్వయంగా కేసు చేపట్టినప్పుడు, సాక్ష్యం తీసుకొనక ముందే ముద్దాయికి ఈ విషయం తెలియజేయాలి: అతడు కోరితే కేసు మరొక మేజిస్ట్రేటు వద్దకు వెళ్తుంది. ఇక్కడ ముద్దాయి కారణం చూపనవసరం లేదు, అభ్యంతరం తెలిపితే చాలును.

391వ సెక్షను (పాత 352) ప్రకారం, తన ఎదుట జరిగిన కొన్ని నేరాలను, తన అధికారాన్ని ధిక్కరిస్తూ జరిగిన వాటిని అదే న్యాయాధికారి విచారించరాదు. దీనికి కొన్ని మినహాయింపులు కలవు. కోర్టు ధిక్కరణ చట్టం, 1971లోని 14వ సెక్షను కూడా ఇటువంటిదే. హైకోర్టు లేదా సుప్రీం కోర్టు న్యాయమూర్తి ఎదుటనే ధిక్కరణ జరిగినప్పుడు, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి తనను మరొక న్యాయమూర్తి విచారించాలని నోటిమాటగా గాని, వ్రాతపూర్వకంగా గాని కోరవచ్చును. అది ఆచరణ సాధ్యమని, న్యాయపాలనకు మేలని కోర్టు భావిస్తే వ్యవహారాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించాలి.

మేజిస్ట్రేటు, సెషన్స్ కోర్టులు: బదిలీ పద్ధతి

దిగువ క్రిమినల్ కోర్టుల విషయంలో అభ్యంతరం సాధారణంగా కేసు బదిలీ దరఖాస్తు రూపంలో వస్తుంది. అధికారిపై వచ్చిన అభ్యంతరాన్ని ఆ అధికారి గాక, పై కోర్టు తేల్చడం ఈ పద్ధతిలోని ముఖ్య లక్షణం.

ఒకే సెషన్స్ డివిజన్‌లో ఒక కోర్టు నుండి మరొక కోర్టుకు బదిలీ కోరదలచినవారు మొదట సెషన్స్ జడ్జికి దరఖాస్తు చేయాలి (448వ సెక్షను, పాత 408). అక్కడ తిరస్కరించబడిన తరువాతనే హైకోర్టుకు వెళ్ళాలి (447వ సెక్షను, పాత 407). ఒక హైకోర్టు పరిధి నుండి మరొక హైకోర్టు పరిధికి బదిలీ చేసే అధికారం సుప్రీం కోర్టుకు మాత్రమే కలదు (446వ సెక్షను, పాత 406).

హైకోర్టులో దరఖాస్తుకు అఫిడవిట్ జతచేయాలి. ముద్దాయి దరఖాస్తు చేసినప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటరుకు కారణాల నకలుతో నోటీసు ఇవ్వాలి. నోటీసుకు, వాదనలకు మధ్య కనీసం 24 గంటల వ్యవధి ఉండాలి. దరఖాస్తు కాలయాపనకో వేధింపుకో వేయబడినదని తేలితే, దానిని వ్యతిరేకించిన వారికి పరిహారం చెల్లించవలసి వస్తుంది. 1973 కోడ్‌లో హైకోర్టు విధించగల పరిహారం వేయి రూపాయలకు మించరాదని ఉండేది. కొత్త సంహితలో ఆ పరిమితి తొలగించబడినది.

దరఖాస్తు వేసినంత మాత్రాన దిగువ కోర్టులో విచారణ ఆగదు. ఆపడమా కొనసాగించడమా అన్నది హైకోర్టు విచక్షణకు లోబడి ఉంటుంది. 1898 నాటి పాత కోడ్‌లో, బదిలీ కోరబోతున్నానని కక్షిదారు తెలియజేస్తే కోర్టు విచారణను వాయిదా వేయవలసి ఉండేది. విచారణను జాప్యం చేయడానికి అది అనువుగా ఉండటంతో 1973 కోడ్‌లో ఆ పద్ధతిని విడిచిపెట్టారు.

గురుచరణ్ దాస్ చద్దా కేసులో (1966) సుప్రీం కోర్టు, తనకు న్యాయం జరగదేమోనని కక్షిదారు చెప్పుకొనడం మాత్రమే చాలదని, ఆ భయం సహేతుకమైనదో కాదో కోర్టు పరిశీలించాలని చెప్పినది. మేనకా గాంధీ, రాణి జెఠ్మలానీ కేసులో (1979) జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, నిష్పాక్షిక విచారణకు భరోసా ఇవ్వడమే న్యాయదానంలో ప్రథమ కర్తవ్యమని పేర్కొంటూనే, కక్షిదారు అతిసున్నితత్వం లేదా సౌకర్యం బదిలీకి చాలిన కారణం కాదని తిరస్కరించారు.

బదిలీకి అంగీకరించిన సందర్భాలు కూడా కలవు. తమిళనాడు ముఖ్యమంత్రి జయలలితపై ఆస్తుల కేసును 2003 నవంబరులో సుప్రీం కోర్టు చెన్నై నుండి కర్ణాటకకు బదిలీ చేసినది. ముద్దాయియే రాష్ట్రంలో అధికారంలో ఉండటం, సాక్షులు మాట మార్చుతున్నా ప్రాసిక్యూషన్ పట్టించుకొనకపోవడం ఇందుకు కారణాలు. 2019 మార్చిలో జరిగిన మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసు విచారణను, ఆయన భార్య, కుమార్తెల అభ్యర్థనపై, సుప్రీం కోర్టు 2022 నవంబరు 29న ఆంధ్రప్రదేశ్ నుండి హైదరాబాదులోని సి.బి.ఐ. ప్రత్యేక కోర్టుకు బదిలీ చేసినది. నిష్పాక్షిక విచారణ కోరే హక్కు ముద్దాయికే గాక బాధితులకు కూడా ఉన్నదని ఇటువంటి తీర్పులు సూచిస్తాయి.

హైకోర్టు, సుప్రీం కోర్టు న్యాయమూర్తులు

ఉన్నత న్యాయస్థానాల న్యాయమూర్తులు వైదొలగవలసిన పద్ధతిని నిర్దేశించే ప్రత్యేక చట్టం భారతదేశంలో లేదు. భయపక్షపాతాలు, రాగద్వేషాలు లేకుండా విధులు నిర్వర్తిస్తానని రాజ్యాంగం మూడవ షెడ్యూలు ప్రకారం చేసే ప్రమాణం, కోర్టు తీర్పులు, నైతిక నియమావళులు ఇందుకు ఆధారాలు. 1997 మే 7న సుప్రీం కోర్టు ఆమోదించిన న్యాయ జీవన విలువల పత్రం ప్రకారం, కుటుంబ సభ్యులకు, దగ్గర బంధువులకు, మిత్రులకు సంబంధించిన వ్యవహారాన్ని న్యాయమూర్తి వినరాదు.

ఆచరణలో అభ్యర్థన ఎవరిపై వచ్చినదో ఆ న్యాయమూర్తి ఎదుటనే ఉంచబడుతుంది. ఆయన తప్పుకొంటే, ప్రధాన న్యాయమూర్తి కేసును వేరొక ధర్మాసనానికి కేటాయిస్తారు. 2019 డిసెంబరు 17న నిర్భయ కేసులో ఒక దోషి వేసిన పునఃసమీక్ష పిటిషన్ నుండి ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే తప్పుకొన్నారు. తన బంధువు ఒకరు గతంలో బాధితురాలి తల్లి తరపున హాజరైనారని ఆయన కారణం చెప్పారు. మరునాడే వేరొక ధర్మాసనం ఆ పిటిషన్‌ను విని కొట్టివేసినది. అదే సంవత్సరం సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట భీమా కోరేగావ్ కేసులో గౌతమ్ నవలఖా పిటిషన్ నుండి ప్రధాన న్యాయమూర్తితో సహా అయిదుగురు న్యాయమూర్తులు వరుసగా వైదొలగారు. అక్కడ కారణాలు వెల్లడి కాలేదు.

కారణం చెప్పాలా వద్దా అన్న విషయంపై న్యాయమూర్తులలోనే భిన్నాభిప్రాయాలు కలవు. జాతీయ న్యాయ నియామకాల కమిషన్ కేసులో (2015) జస్టిస్ జె.ఎస్. ఖేహర్ తప్పుకొనడానికి నిరాకరించి, కారణాలను వివరంగా వ్రాశారు. కారణాలు తెలుపుట న్యాయమూర్తి బాధ్యత అని జస్టిస్ కురియన్ జోసెఫ్ అభిప్రాయపడ్డారు. ఈ విషయంలో నియమాలు అవసరమని జస్టిస్ మదన్ లోకూర్ వ్రాశారు.

పక్షపాతంతో ఇచ్చిన ఉత్తర్వు నిలువదు. 2011 డిసెంబరులో దవీందర్ పాల్ సింగ్ భుల్లర్ కేసులో, పంజాబ్-హర్యానా హైకోర్టు ధర్మాసనం ఒక పోలీసు ఉన్నతాధికారిపై సి.బి.ఐ. దర్యాప్తుకు దారితీసేలా ఇచ్చిన ఉత్తర్వులను సుప్రీం కోర్టు రద్దు చేసినది. ధర్మాసనానికి నేతృత్వం వహించిన న్యాయమూర్తికి, ఆ అధికారికి మధ్య పూర్వ వ్యవహారం ఉండటం ఇందుకు ఒక ముఖ్య కారణం.

సైనిక న్యాయస్థానాలు

ఆర్మీ చట్టం, 1950లోని 130వ సెక్షను ఇతర కోర్టులలో లేని స్పష్టమైన పద్ధతిని ఏర్పరచినది. కోర్టు మార్షల్ సమావేశం కాగానే సభ్యుల పేర్లు చదివి, వారిలో ఎవరిపైనైనా అభ్యంతరం ఉన్నదా అని ముద్దాయిని అడుగుతారు. అతని అభ్యంతరాన్ని, ఆ అధికారి సమాధానాన్ని వ్రాసుకొంటారు. తరువాత ఆ అధికారి లేకుండా మిగిలినవారు ఓటు వేస్తారు. సగం లేదా అంతకు మించిన ఓట్లు అనుకూలంగా వస్తే అతడు వైదొలగాలి.

రంజిత్ ఠాకూర్ కేసు (1987) ఈ సెక్షను విలువను తెలుపుతుంది. పై అధికారి తనను బాధిస్తున్నాడని ఉన్నతాధికారులకు నేరుగా విన్నవించుకొన్నందుకు ఒక సైనికుడికి 28 రోజుల కఠిన శిక్ష పడినది. ఆ శిక్ష అనుభవిస్తూ భోజనం చేయమన్న ఆజ్ఞను ధిక్కరించాడని అతనిపై మరొక ఆరోపణ వచ్చినది. అతడు ఎవరిపై ఫిర్యాదు చేశాడో ఆ అధికారియే రెండవ విచారణలో తీర్పరిగా కూర్చున్నాడు. ఉద్యోగం నుండి తొలగింపు, ఒక సంవత్సరం జైలుశిక్ష విధించబడినవి. అభ్యంతరం తెలిపే అవకాశం ముద్దాయికి ఇవ్వలేదని, పక్షపాతానికి అవకాశం స్పష్టంగా ఉన్నదని, శిక్ష తప్పును మించినదని సుప్రీం కోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసినది. నేను పక్షపాతినా అని న్యాయాధికారి తన మనసును ప్రశ్నించుకొనడం సరియైన పద్ధతి కాదని, ఎదుట ఉన్న కక్షిదారు మనసు వైపు చూడాలని జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య ఈ తీర్పులో పేర్కొన్నారు.

దర్యాప్తు అధికారి

దర్యాప్తు అధికారిని తప్పించమని కోరడానికి సంహితలో ప్రత్యేక దరఖాస్తు లేదు. పై పోలీసు అధికారులకు విన్నవించవచ్చును, లేదా హైకోర్టు, సుప్రీం కోర్టులను ఆశ్రయించవచ్చును. తగిన సందర్భంలో రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి లేకపోయినా సి.బి.ఐ. దర్యాప్తుకు రాజ్యాంగ న్యాయస్థానాలు ఆదేశించవచ్చునని 2010లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది. అయితే తనపై ఏ సంస్థ దర్యాప్తు చేయాలో ఎంచుకొనే హక్కు ముద్దాయికి లేదని రొమిలా థాపర్ కేసులో (2018) సుప్రీం కోర్టు మరల స్పష్టం చేసినది.

ఫిర్యాదు చేసిన పోలీసు అధికారియే దర్యాప్తు కూడా జరపవచ్చునా అన్న ప్రశ్నపై తీర్పులు మారుతూ వచ్చాయి. 2018 ఆగస్టులో మోహన్ లాల్ కేసులో, మాదకద్రవ్యాల నేరానికి సంబంధించి, అటువంటి దర్యాప్తు వలన విచారణ చెల్లకుండా పోతుందని ముగ్గురు న్యాయమూర్తులు చెప్పారు. 2020 ఆగస్టు 31న ముకేశ్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చినది. ఇద్దరూ ఒక్కరే అయినంత మాత్రాన ముద్దాయి విడుదలకు అర్హుడు కాడని, పక్షపాతం వలన నష్టం జరిగినదా అన్నది ప్రతి కేసులో వేరువేరుగా చూడాలని నిర్ణయించినది.

పబ్లిక్ ప్రాసిక్యూటరు

ప్రాసిక్యూటరు తీర్పరి కాడు గనుక న్యాయాధికారికి వర్తించే ప్రమాణం అతనికి పూర్తిగా వర్తించదు. కాని అతడు శిక్ష పడటమే లక్ష్యంగా గాక, నిజం కోర్టు ముందుకు రావడానికి పనిచేయాలి. సంహితలోని 19వ సెక్షను (పాత 25) ప్రకారం, కేసు దర్యాప్తులో ఏ కొంచెమైనా పాల్గొన్న పోలీసు అధికారిని ఆ కేసుకు సహాయ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నియమించరాదు.

గుజరాత్‌లోని బెస్ట్ బేకరీ కేసులో ప్రాసిక్యూటరు ముద్దాయిల పక్షాన నిలిచినట్లుగా వ్యవహరించినాడని సుప్రీం కోర్టు 2004 ఏప్రిల్‌లో విమర్శించి, మహారాష్ట్రలో పునర్విచారణకు ఆదేశించినది. జయలలిత కేసు అప్పీలులో తమిళనాడు నియమించిన ప్రత్యేక ప్రాసిక్యూటరుకు కర్ణాటక హైకోర్టులో హాజరయ్యే అధికారం లేదని 2015 ఏప్రిల్ 27న సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది.

అభ్యంతరం తెలుపవలసిన సమయం

కారణం తెలిసిన వెంటనే అభ్యంతరం తెలపాలి. తెలిసి కూడా మౌనంగా ఉండి, తీర్పు వ్యతిరేకంగా వచ్చిన తరువాత ఆక్షేపిస్తే కోర్టులు సాధారణంగా అంగీకరించవు. మానక్ లాల్ కేసులో (1957) ఒక న్యాయవాదిపై విచారణ జరిపిన ట్రైబ్యునల్ అధ్యక్షుడు గతంలో ఎదుటి పక్షానికి వకాల్తా వేసి ఉన్నారు. ఆయన కూర్చొనడం సరికాదని సుప్రీం కోర్టు అంగీకరించినది. కాని విషయం తెలిసి కూడా ఆ న్యాయవాది సకాలంలో అభ్యంతరం చెప్పలేదు గనుక ఆ హక్కును వదులుకొన్నట్లేనని తీర్పు చెప్పినది.

వేరొక అధికారి ఎవరూ లేని పరిస్థితిలో, అభ్యంతరం ఉన్నా అదే అధికారి నిర్ణయించవచ్చును. దీనిని ఆవశ్యకతా సూత్రం అంటారు.

ఇతర దేశాలలో

జర్మనీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, అదే కేసులో బాధితుడుగా, సాక్షిగా, ప్రాసిక్యూటరుగా, పోలీసు అధికారిగా లేదా న్యాయవాదిగా ఉన్న వ్యక్తి న్యాయమూర్తిగా ఉండరాదు. పక్షపాత భయం ఉన్నదని అభ్యర్థన వస్తే ఆ న్యాయమూర్తి తన వివరణ ఇస్తారు, నిర్ణయంలో మాత్రం పాల్గొనరు. ఆలస్యంగా వచ్చిన, కారణం చూపని లేదా కాలయాపనకు ఉద్దేశించిన అభ్యర్థనలను కోర్టు ఆ న్యాయమూర్తితో సహా కూర్చొని తిరస్కరించవచ్చును. ఈ నియమాలు పౌర న్యాయమూర్తులకు, కోర్టు గుమాస్తాలకు కూడా వర్తిస్తాయి.

రష్యాలో 2002 నుండి అమలులో ఉన్న కోడ్, ఒక్కొక్క అధికారికి ఒక్కొక్క నిర్ణేతను పేర్కొన్నది. దర్యాప్తు అధికారిపై అభ్యర్థనను దర్యాప్తు విభాగాధిపతి తేలుస్తారు. ప్రాసిక్యూటరుపై అయితే, దర్యాప్తు దశలో పై ప్రాసిక్యూటరు, విచారణ దశలో కోర్టు తేలుస్తాయి. ధర్మాసనంలో ఒకరిపై అభ్యంతరం వస్తే మిగిలినవారు నిర్ణయిస్తారు. ఒక్కరే ఉన్న కోర్టులో మాత్రం ఆ న్యాయమూర్తియే తేల్చుకొంటారు.

విమర్శలు

ప్రస్తుత భారతీయ పద్ధతిపై రెండు వైపుల నుండి విమర్శలు కలవు. అభ్యర్థన ఎవరిపై వచ్చినదో వారే దానిని తేల్చడం, తన వివాదానికి తానే తీర్పరి కారాదన్న మూల సూత్రానికి విరుద్ధంగా కనబడుతుందని ఒక వాదన. కారణం చెప్పకుండా తప్పుకొంటే, న్యాయమూర్తి మనసులో ఉన్న భయమేమిటో కక్షిదారుకు తెలియదు. జైలులో ఉన్న ముద్దాయికి ఒక్కొక్క వైదొలగుట మరికొన్ని రోజుల నిరీక్షణగా పరిణమిస్తుంది.

అడిగినంతనే తప్పుకొంటే, కక్షిదారులు తమకు నచ్చిన న్యాయమూర్తి దొరికేవరకు అభ్యంతరాలు చెబుతూ పోతారన్నది రెండవ వాదన. దీనిని బెంచ్ హంటింగ్ అంటారు. సరైన కారణం లేకుండా తప్పుకొనుట విధిని విడిచిపెట్టుటతో సమానమని న్యాయమూర్తులు పలు తీర్పులలో పేర్కొన్నారు. ఈ రెండు వాదనలకు అవకాశం తగ్గాలంటే, అభ్యర్థనను ధర్మాసనంలోని ఇతరులకు లేదా మరొక ధర్మాసనానికి నివేదించుట, నిర్ణయానికి గడువు విధించుట, కారణాలను క్లుప్తంగానైనా నమోదు చేయుట అవసరమని న్యాయ నిపుణులు సూచిస్తున్నారు. సైనికుల విషయంలో వీటిలో మొదటిది 1950 నుండే చట్టంలో ఉన్నది.